మావారు: అరవై నాలుగు పరుగులు, పంతొమ్మిది గెలుపులు

పేపరు గుమ్మంలో పడి గంటన్నర దాటింది. మామగారు ఇంకా నోరు విప్పలేదు.

తిట్టినా బాగుండును అనుకుంది కోడలు. తిట్టే మనిషికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కిటికీ పక్క కుర్చీలో వీపు నిటారుగా పెట్టి, చూపు ఆనని కళ్ళతో గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషికి ఏం చెప్పుకుంటుంది? రెండుసార్లు టీ ఇచ్చింది. రెండుసార్లూ అది మీగడ కట్టి అలాగే వెనక్కి వచ్చింది.

పేపరు బల్ల మీదే పడి ఉంది. నాలుగో పేజీలో, ‘పెన్సిల్’ అన్న మారుపేరు కింద, మామగారు ఇరవై ఆరేళ్ళుగా ప్రతి గురువారం వేయిస్తున్న పట్టిక. మూడు నెలలు లేదా అంతకుమించి విశ్రాంతి తీసుకుని మళ్ళీ బరిలోకి దిగిన గుర్రాలు ఏ ట్రైనరు చేతి కింద ఎన్నిసార్లు పరుగెత్తాయి, ఎన్నిసార్లు గెలిచాయి అన్నది ఆ పట్టిక చెబుతుంది. శనివారం రేసులకు వెళ్ళేవాళ్ళు ముందు దాన్ని చూసుకుని, ఆ తర్వాతే ఏ గుర్రానికి ఎంత ఆశ ఉందో లెక్క కట్టుకుంటారు. ట్రైనర్లు పదమూడు మంది. వరుసలూ పదమూడే.

ఈ గురువారం పద్నాలుగు ఉన్నాయి. అన్నిటికంటే కింద, భర్త అసిస్టెంటుగా పనిచేసే లాయం ట్రైనరు గారి వరుసకు సరిగ్గా అడుగున, పద్నాలుగోది ఇలా అచ్చయింది:

మావారు (ఆయన దగ్గర చేరినప్పటి నుంచి): పరుగులు 64, గెలుపులు 19, నూటికి 30.

మామగారి కళ్ళలో పొర కమ్మినప్పటి నుంచి ఫలితాల కాగితాలు చదివి వినిపించేది, సాపు రాసి ప్రెస్సుకు పంపేది కోడలే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్లకు నూటికి ఎంత అని లెక్క కట్టడం నేర్పింది కూడా ఆ మామగారే, అగ్గిపుల్లలు పేర్చి. ఆ ధైర్యంతోనే సాపు కాగితం అడుగున తన కోసం ఒక వరుస వేసుకుంది. చింపేద్దామనే అనుకుంది. ఇంతలో లోపల పాప దగ్గింది. పాప దగ్గితే ఆమెకు లోకంలో ఇంకేదీ గుర్తుండదు. పరుగెత్తి, వీపు రాసి, నుదురు పట్టి చూసి, ఊపిరి లెక్కపెట్టి తిరిగి వచ్చేసరికి ప్రెస్సు మనిషి వచ్చి కాగితం పట్టుకుపోయాడు. ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాళ్ళకు ‘మావారు’ అయినా ‘మీవారు’ అయినా ఒకటే. రాసి ఉన్నది వేశారు.

“ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను,” అంది అత్తగారు కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. జాకీలు తొడుక్కునే పట్టు చొక్కాలు కుట్టడం ఆవిడ పని. “ఒక్కనాడైనా మా ఆయన్ని నేను అచ్చు వేయించలేదు. నువ్వు మూడేళ్ళకే వేయించావు. నీదే పైచేయి.”

అత్తగారి ఎత్తిపొడుపులో ఎప్పుడూ సగం చక్కెర ఉంటుంది. ఈసారి మాత్రం ఆ చక్కెర కోడలి గొంతు దిగలేదు. ఈ రెండు గదులూ లాయం వాళ్ళవి. భర్త ఉద్యోగంతో వచ్చాయి, ఉద్యోగంతోనే పోతాయి. మళ్ళీ చలి రాబోతోంది. పాప ఛాతీ అసలే అంతంత మాత్రం. ఈ వయసులో మామగారూ అత్తగారూ ఎక్కడికి పోతారు? ఒక్క వరుస, ఒకే ఒక్క వరుస రాసి, నలుగురి నెత్తి మీది కప్పును లాగేసిందా తను?

గుర్రాలకు లాడాలు కొట్టే అతని భార్య పక్కవాటా నుంచి తొంగిచూసి వార్త చెప్పి పోయింది. లాయం నిండా ఇదే గోలట. సైసులంతా, అంటే గుర్రాల్ని చూసుకునే వాళ్ళంతా, పొద్దున్నుంచి ఆమె భర్తను పేరు పెట్టి పిలవడమే మానేశారట. ‘మావారు గారూ, జీను ఎక్కడ పెట్టమంటారు’, ‘మావారు గారికి దాణా అయిందా’ అంటున్నారట. పొట్ట పట్టుకుని నవ్వి, మరి ట్రైనరు గారు నవ్వారో లేదో తెలియలేదంటూ ఆవిడే ముఖం ముడుచుకుంది.

ట్రైనరు గారు ఎందుకు నవ్వుతారు? పట్టికలో ఆయన పేరున ఉన్నవి పదేళ్ళ మీద నూట యాభై రెండు పరుగులు, ఇరవై ఎనిమిది గెలుపులు. అందులోంచి కింది వరుస తీసేస్తే మిగిలేది ఎంతో పెన్సిలున్న ఎవడైనా కట్టేస్తాడు. ఎనభై ఎనిమిదికి తొమ్మిది. మొదటి ఆరేళ్ళలో నూటికి పది. అసిస్టెంటు వచ్చాక నాలుగేళ్ళలో నూటికి ముప్పై. పెద్దమనిషిని నడివీధిలో నిలబెట్టి చొక్కా విప్పించినట్టే.

*

భర్త పదింటికి వచ్చాడు. రోజూ అయితే గుమ్మంలో బూట్లు విదిలిస్తూ పాపను ముద్దుపేరుతో పిలిచేవాడు. ఈ రోజు బూట్లు విప్పి, జతగా సర్ది, లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఆ సర్దడం చూసే ఆమె పొయ్యి కట్టేసి వచ్చింది.

పాప పాకుతూ వెళ్ళి మోకాలు పట్టుకుంది. ఎత్తుకున్నాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

ట్రైనరు గారు పేపరు మడిచి కోటు జేబులో పెట్టుకుని తిరిగారట. పొద్దుటి సాధన పరుగులన్నీ అయ్యేదాకా పల్లెత్తు మాట అనలేదట. చివరికి గడియారం ఆపి, ముఖం చూడకుండా రెండు మాటలు చెప్పారట. రేపటి పేపర్లో ఆ వరుస సరిచేసి వెయ్యాలి. వెయ్యకపోతే శనివారం లాయానికి రావద్దు.

“సరిచెయ్యడం అంటే?” అంది అత్తగారు.

“ఏముంటుందమ్మా? అలాంటి వరుస ఏదీ లేదు, పొరపాటున పడింది, క్షమించండి అని వెయ్యాలి.”

తనది తప్పేనని కోడలు ఒప్పుకుంది. చింపుదామనుకున్నానని, పాప దగ్గిందని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. భర్త విన్నాడు. అతనికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

“అచ్చయినందుకు కాదు,” అన్నాడు. “అసలెందుకు లెక్కేశావు?”

ఆమె తల వంచుకుంది. పోయిన నెల అతను సొంతంగా లైసెన్సుకు పెట్టుకుంటానని, బోర్డుకు ఒక ఉత్తరం రాసిమ్మని ట్రైనరు గారిని అడిగాడు. ‘నీ పేరున రికార్డు ఏముందయ్యా’ అని ఆయన అడిగిన మాటను ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ తర్వాత మూడు రోజులు పాపతో ఆడలేదు. రికార్డు ఏముందో చూద్దామని ఆమె మామగారి పాత ఫలితాల పుస్తకాలు దించింది. అంతే.

“మీకు లేదన్నారు కదా అని,” అంది. “ఉందో లేదో చూశాను.”

“నన్నడగాలి కదా. గుర్రాన్ని నేను గెలిపించానని నీకెవరు చెప్పారు? కాళ్ళు పిసికే సైసు ఉన్నాడు. పైన జాకీ ఉన్నాడు. పరుగెత్తింది గుర్రం. మధ్యలో నేనెవర్ని?”

ఆమెకు తెలిసినది లెక్కల్లో లేదు. నాలుగున్నరకు చీకట్లో లేచి, విశ్రాంతిలో ఉన్న గుర్రాన్ని మొదటివారం నడకతో, రెండోవారం చిన్న పరుగుతో, దాని ఊపిరి తన అరచేతిలో పట్టి చూసి మెల్లమెల్లగా బరికి తెచ్చే మనిషిని ఆమె ఎరుగును. పాప ఊపిరి ఎలా చూడాలో ఆమెకు నేర్పింది ఆ అరచెయ్యే. అది ఏ గడిలో రాయాలి?

అప్పుడు కుర్చీ కిర్రుమంది.

“లైసెన్సు ఎవరి పేరున ఉంటే అంకె వాళ్ళది,” అన్నారు మామగారు. పొద్దున్నుంచి అదే మొదటి మాట. “ఇరవై ఆరేళ్ళు ఆ ఒక్క గీత దాటలేదు. పందెం కట్టలేదు, స్నేహితుడి గుర్రమని అర అంకె కలపలేదు. ఇవాళ నా పట్టికలోకి నా ఇంటి మనిషి ఎక్కాడు. అదీ పేరు లేకుండా.”

“నాన్నా, దాని తప్పేం లేదు. వదిలెయ్యండి.”

“దాని తప్పని నేనన్నానా? తప్పో ఒప్పో ఇంకా చూడలేదు.” మామగారు చెయ్యి చాచారు. “అమ్మాయ్, పుస్తకాలు తీసుకురా. మీ అత్తగారి గుండీల డబ్బా కూడా.”

*

కళ్ళు పోయాక మామగారు లెక్క సరిచూసే పద్ధతి అది. ఒళ్ళో పళ్ళెం, పక్కన గుండీల డబ్బా. కోడలు ఒక్కొక్క పరుగూ చదివితే, ఓడిన దానికి ఒక చిన్న చొక్కా గుండీ, గెలిచిన దానికి ఒక పెద్ద కోటు గుండీ పళ్ళెంలో పడుతుంది. చివర్లో వేళ్ళతో తడిమి లెక్కపెడతారు. చెవికి తప్పినది వేలికి తప్పదంటారు.

చదవడం మొదలైంది. తేదీ, గుర్రం, ఎన్ని రోజుల విశ్రాంతి, ఎన్నో స్థానం. టిక్కుమంటూ గుండీ. మళ్ళీ తేదీ. భర్త వద్దని ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. మూడో ఏడు వచ్చేసరికి పాపతో సహా వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఒక్కో గుర్రం పేరు విన్నప్పుడల్లా అతని ముఖం మారడం ఆమె ఓరకంట చూస్తూనే ఉంది. ఒకచోట ఉండబట్టలేక, దానికి ఎడమ ముంగాలు వాచి ఉండేదని, చల్లనీళ్ళ కాలువలో రోజూ నలభై నిమిషాలు నిలబెట్టానని చెప్పాడు. ఆ గుర్రానికి పెద్ద గుండీ పడింది.

“చూశారా,” అంది అత్తగారు. “మధ్యలో ఎవర్నో అన్నాడు ఇందాక.”

మామగారి మూతి కదిలింది. నవ్వు కాదు గానీ, నవ్వు వచ్చే దారి అది.

ఆ తర్వాతి పేజీ తిప్పి, తేదీ చదవబోయి కోడలు ఆగిపోయింది.

ఆ తేదీ పాప పుట్టిన మర్నాటిది. ఎనిమిదో నెల నిండకుండానే పుట్టింది. గుప్పెడంత పిల్ల, గాజుపెట్టెలో. రెండు నెలల పది రోజులు. వేలు ఆ వరుస మీద ఆనించి చదివింది. ఏడో స్థానం. చిన్న గుండీ. తర్వాతిది. ఆరో స్థానం. చిన్న గుండీ. ఆ పేజీలో మరో రెండు. అవీ చిన్నవే.

మిషను చప్పుడు ఆగింది.

“అది పాప పుట్టిన నెల కదూ?” అంది అత్తగారు. “వీడు లాయంలో ఎక్కడున్నాడు అప్పుడు? ఆస్పత్రి బెంచీ మీద ఉన్నాడు. వీడి కడుపులో ఇంత గంజి పడాలని నేనే క్యారేజీ మోసుకెళ్ళాను. వీడు చూడని గుర్రాలు వీడి ఖాతాలో ఎందుకు పడుతున్నాయి?”

పాప డబ్బాలోంచి గుండీ తీసి నోట్లో పెట్టుకోబోయింది. తల్లి, తండ్రి, నాయనమ్మ ముగ్గురి చేతులూ ఒక్కసారే దాని మీద పడ్డాయి.

“ఎప్పుడు తిరిగి పనిలో చేరావురా?” అని అడిగారు మామగారు. భర్త తేదీ చెప్పాడు. ఆ తేదీ దాకా ఎన్ని పరుగులున్నాయో చదవమన్నారు. కోడలు చదివింది. మొత్తం తొమ్మిది.

మామగారు ఆ తొమ్మిది గుండీల్నీ వేరే పళ్ళెంలో వేయించి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూశారు. తొమ్మిదీ చిన్నవే. ఒక్క పెద్దది లేదు.

ఆ రెండు నెలలూ భర్త తన కోసం, పిల్ల కోసం పోగొట్టుకున్న రోజులని ఆమె ఎప్పుడూ అనుకునేది. అప్పుడప్పుడు ఆ తలంపుతో నిద్ర పట్టేది కాదు. ఈ తొమ్మిది గుండీలు ఇంకేదో చెబుతున్నాయి. ఆమె భర్త వంక చూసింది. అతను ఆ పళ్ళెం వంక చూస్తున్నాడు, ఎవరో తన ఎదుటే తన గురించి మాట్లాడుతుంటే సిగ్గుపడే మనిషిలా.

“అరవై నాలుగులోంచి తొమ్మిది పోతే?” అన్నారు మామగారు, మిగతా పేజీలన్నీ పూర్తయ్యాక.

“యాభై అయిదు, మామయ్యగారూ.”

“గెలుపులు?”

“పంతొమ్మిదే.”

“నూటికి?”

కాగితం మీద వేసుకుంది. ఒకసారి వేసి నమ్మక మళ్ళీ వేసింది. “ముప్పై నాలుగున్నర.”

మామగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో పొద్దున్న ఉన్న రాయి కరిగిపోయింది. దాని స్థానంలో ఒక లెక్క తేలిన మనిషికి ఉండే శాంతి వచ్చింది.

“నువ్వు రాసిన వరుస తప్పే అమ్మాయ్,” అన్నారు. “తప్పు పడితే సరిచెయ్యాలి. కాగితం తీసుకో.”

*

ఆయన చెప్పింది ఆమె రాసింది. నిన్నటి పట్టికలో చివరి వరుస తప్పు పడింది. పరుగులు అరవై నాలుగు కాదు, యాభై అయిదు. గెలుపులు పంతొమ్మిది. ఆ వ్యక్తి సెలవులో ఉన్న కాలం పొరపాటున కలిసింది. పాఠకులు దిద్దుకోగలరు.

“లైసెన్సు పేరు గీత సంగతేమిటి మరి?” అని అత్తగారు అడిగింది. “ఇరవై ఆరేళ్ళ గీత.”

“వెయ్యకూడనిది వేశాం. అది ఒక తప్పు. వేసినదాన్ని తప్పుగా ఉంచడం రెండో తప్పు. మొదటిది నా చేతిలో లేదు ఇప్పుడు.” ఆయన కొడుకు ఉన్న వైపు ముఖం తిప్పారు. “ఆ వరుసే లేదని రాయమంటావా? రాయిస్తాను. అబద్ధమే అవుతుంది గానీ, నీ ఉద్యోగం ముందు నా పెన్సిలెంత? విరిచి పారేస్తాను. నువ్వు చెప్పు.”

భర్త కాగితం తీసుకుని చదివాడు. పాప దాన్ని లాక్కోబోతే చెయ్యి పైకెత్తి చదివాడు. ఇది అచ్చయితే శనివారం తలుపు తెరవరని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. అద్దెకు ఎక్కడ దొరుకుతుంది, మందుల షాపు ఎంత దూరం, గోడలకు చెమ్మ ఉంటుందా, అప్పుడే ఆమె మనసు వీధులు తిరిగేస్తోంది. వద్దని చెప్పమని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది. ఒకసారి అడగకుండా లెక్కేసింది. ఈసారి అతని మాట అతన్నే చెప్పనియ్యాలి.

“ఆ తొమ్మిదిలో ఒక బూడిదరంగు గుర్రం ఉంది,” అన్నాడతను కాగితం దించి. “నేను తిరిగి చేరిన రోజు నన్ను చూసి మేత వదిలి వచ్చింది. దాన్ని అంతకుముందే బరిలోకి దించేశారు. ఇంకో మూడు వారాలు ఆగుంటే గెలిచేది నాన్నా. నాకు తెలుసు అది.”

“అయితే?”

“వేసెయ్యండి.”

అత్తగారు కళ్ళు తుడుచుకుని, మిషను నూనె మరకలు అంటే వదలవంటూ సంబంధం లేని మాటేదో అంది. కోడలు ఆ కాగితాన్ని సాపు రాసింది. ఈసారి అడుగున మిగిలిన ఖాళీని కత్తెరతో కత్తిరించేసింది. అది చూసి భర్త నవ్వాడు. పొద్దున్నుంచి మొదటిసారి. ఆ నవ్వు చూస్తే చెమ్మ గోడల్లో అయినా బతకొచ్చు అనిపించింది ఆమెకు, ఆ ఒక్క నిమిషానికి.

ఫోను మోగింది.

సాయంత్రం అయిదు గంటలు. దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని ప్రెస్సు వాళ్ళు ఫోను చేసే వేళే. వాళ్ళతో మాట్లాడేది ఎప్పుడూ ఆమే కనుక కాగితం పట్టుకుని వెళ్ళి తీసింది. రాసుకోండి అనబోయింది.

“మీ మామగారిని పిలవకు. నువ్వే కదూ అది రాసింది? నీతోనే మాట్లాడాలి.”

ట్రైనరు గారి గొంతు. దూరం నుంచి కేకలేస్తుంటే వినడమే గానీ, అంత మెల్లగా ఆయన మాట్లాడగలరని ఆమెకు తెలియదు. అవునండీ అంది. ముగ్గురూ తన వైపే చూస్తున్నారు.

“సరిచేశారా?”

“చేశామండీ.”

“ఎంతకి చేశారు?”

అబద్ధం ఆడదామన్నా ఆమెకు వేరే అంకె ఏదీ గుర్తు రాలేదు. “యాభై అయిదుకి,” అంది.

అవతల ఎక్కడో ఒక గుర్రం సకిలించింది.

“ఆ, అదే,” అన్నారాయన. “పొద్దున్న పేపరు చూడగానే పట్టుకున్నాను. ఆ తొమ్మిదీ అతనివి కావు. అతను ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ తొమ్మిదింటినీ దించింది నేను. నేను ఓడినవి మోసే ఖర్మ అతనికెందుకు? అందుకే సరిచెయ్యమన్నాను.”

ఆమె గోడకు ఆనుకుంది. భర్త లేచి రెండడుగులు ముందుకు వేశాడు. ఏమంటున్నారని కళ్ళతోనే అడిగాడు.

“నేను ముసలాణ్ణమ్మా,” అంది అవతలి గొంతు. “నా దగ్గరున్నవి ముప్పై రెండు గుర్రాలు. అందులో సగం అతని చేతి మీదే నిలబడుతున్నాయని నాకు నాలుగేళ్ళుగా తెలుసు. రేపు ఊరందరికీ తెలుస్తుంది. తెలిశాక అతన్ని నా కింద ఉంచుకుంటే నేను దొంగనవుతాను. లైసెన్సుకు ఉత్తరం రాసిచ్చి పంపిస్తే ఈ ముప్పై రెండూ ఏమవుతాయో నువ్వే లెక్క కట్టి చెప్పు. లెక్కలు వచ్చినదానివి కదా. ఉంచనా, పంపనా?”

ఈసారి అతన్నే అడిగి చెప్పాలని ఆమె ఫోను మీద అరచెయ్యి అడ్డుపెట్టి భర్త వైపు తిరిగింది.